ఐదు స్వరాలు, మూడు కార్డులు
గాయక బృందాల్లో గిటారు వాయించేవారికి ఒక పాఠం

విచారణల్లో గాయక బృందాలకు పాటలు నేర్పేవారిని గిటారు పట్టిన పిల్లలు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మాస్టారూ, కార్డులు వచ్చు. పెంటటోనిక్ స్కేలు కూడా వచ్చు. కానీ పాటలో రెండూ కలవడం లేదు, ఎందుకని?" ఈ మాట అడిగే పిల్లవాడు సోమరి కాడు. వేళ్ళు కాయలు కాసేదాకా సాధన చేసినవాడే అడుగుతాడు. అతనికి కార్డులు నేర్పినవారు ఒకరు, స్కేలు చూపించినవారు మరొకరు. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం ఎవరూ చెప్పలేదు. ఈ వారం ఆ చుట్టరికం గురించే చెప్పుకుందాం. ఇంట్లో గిటారు ఉన్న తల్లిదండ్రులు కూడా దీన్ని పిల్లల చేత చదివించి, గిటారు ఒళ్ళో పెట్టించి, ఒక్కొక్క మాటా సరిచూసుకోమని చెప్పండి. గిటారు చేతిలో లేకుండా చదివితే ఈ పాఠం సగమే అర్థమవుతుంది.

ముందు జరుగుతున్నదేమిటో చూద్దాం. కానుకల పాటలో పల్లవి అయింది. చరణానికి ముందు నాలుగు ఆవర్తాల ఖాళీ ఉంది. గిటారు అబ్బాయి తనకొచ్చిన స్కేలును కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఎక్కాలు అప్పజెప్పినట్టు వాయించేస్తాడు. కింద కీబోర్డులో కార్డులు మారుతుంటాయి, పైన ఇతని స్కేలు మారదు. రెండు చోట్ల గట్టిగా గీసుకుంటుంది. బిట్టు ఎక్కడ ముగిసిందో, చరణం ఏ స్వరం మీద ఎత్తుకోవాలో బల్లల్లో కూర్చున్న విశ్వాసులకు అంతుపట్టదు. బృందంలోని నలుగురూ ఎత్తుకుంటారు, మిగిలిన గుడి అంతా మౌనంగా ఉండిపోతుంది. నష్టం అక్కడ. గిటారు బాగా లేదన్నది చిన్న విషయం, జనం నోరు మూసుకుపోవడం పెద్ద విషయం.

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన రాజ్యాంగం పైప్ ఆర్గన్‌కు పెద్దపీట వేస్తూనే, ఆయా ప్రాంతాల అధికారుల అంగీకారంతో ఇతర వాద్యాలనూ అనుమతించింది. అవి పవిత్ర వినియోగానికి తగినవై ఉండాలి, దేవాలయ గౌరవానికి తగినట్టు ఉండాలి, విశ్వాసుల క్షేమాభివృద్ధికి నిజంగా తోడ్పడాలి అన్నది షరతు. 1967 మార్చి 5న వచ్చిన 'మ్యూజికామ్ సాక్రామ్' అనే ఆదేశపత్రం ఇంకొంచెం దగ్గరగా వచ్చి, వాద్యం గొంతులకు ఆసరా కావచ్చు గాని మాటలు వినబడనంతగా గొంతులను కమ్మేయకూడదు అన్నది. కనుక ఈ పాఠం కచేరీ చేయడానికి కాదు, పాడేవారికి దారి చూపే బిట్టు ఎలా కట్టాలి అన్నదానికే.

మోహనమే మేజర్ పెంటటోనిక్

'పెంటా' అంటే గ్రీకులో ఐదు. ఐదు స్వరాల స్కేలు పెంటటోనిక్. మనవారికి ఇది కొత్త సరుకేమీ కాదు, స రి గ ప ద అనే మోహన రాగ స్వరాలే పాశ్చాత్యుల మేజర్ పెంటటోనిక్. చైనా జానపదాల్లో ఉంది, స్కాట్లాండు పాటల్లో ఉంది, మన తెలుగు క్రైస్తవ గీతాల్లోనూ మోహన ఛాయలు వినబడుతూనే ఉంటాయి. జి శ్రుతికి పెట్టుకుంటే స అంటే జి, రి అంటే ఎ, గ అంటే బి, ప అంటే డి, ద అంటే ఇ. ఈ ఐదింటిలో ఏ రెండింటి మధ్యా ఒక్క ఫ్రెట్ దూరం లేదు. రెండు ఫ్రెట్‌లో, మూడు ఫ్రెట్‌లో ఉంటుంది. అందుకే ఏ స్వరం తరువాత ఏది వాయించినా చెవికి గుచ్చుకోదు. కొత్తగా నేర్చుకునేవారికి ఈ స్కేలే ముందు చెప్పడానికి కారణం కూడా అదే.

మరి ఏడు స్వరాల నుంచి తీసేసిన రెండూ ఏవి? మ, ని. జి శ్రుతిలో అవి సి, ఎఫ్ షార్ప్. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, కథంతా వాటి చుట్టే తిరుగుతుంది.

ఇప్పుడు కార్డుల దగ్గరకు వద్దాం. జి శ్రుతిలో సాదా పాటకు కావలసినవి మూడు కార్డులు. జి కార్డులో జి, బి, డి ఉంటాయి. సి కార్డులో సి, ఇ, జి ఉంటాయి. డి కార్డులో డి, ఎఫ్ షార్ప్, ఎ ఉంటాయి. పక్కన మన ఐదు స్వరాలు పెట్టి చూడండి. జి కార్డులోని మూడూ మన ఐదింటిలో ఉన్నాయి. సి కార్డుకు పేరు పెట్టిన సి అనే స్వరమే మన దగ్గర లేదు. డి కార్డు మేజరో మైనరో తేల్చే ఎఫ్ షార్ప్ కూడా మన దగ్గర లేదు. స్కేలు నుంచి ఏ రెండు స్వరాలు తీసేశామో, మిగిలిన రెండు కార్డులకూ ఆ రెండే ప్రాణం. స్కేలు, కార్డులు కలవకపోవడానికి అసలు కారణం ఇదే. పిల్లవాడి వేళ్ళలో లోపమేమీ లేదు.

"ఐదు స్వరాలూ అన్ని కార్డుల మీదా పనిచేస్తాయి, ఏదైనా వాయించుకో" అని కొందరు చెబుతుంటారు. ఇది సగం నిజం. పరుగెత్తుతూ దాటిపోతే ఏదైనా చెల్లుతుంది. నిలబడినప్పుడే తేడా తెలుస్తుంది. సి కార్డు మోగుతుండగా బి మీద నిలబడి చూడండి. సి, బి ఒక్క ఫ్రెట్ దూరంలో ఉన్నందువల్ల రెండూ ఒరుసుకుంటాయి. అలాగే డి కార్డు మీద జి అనే స్వరాన్ని పట్టుకుని కూర్చుంటే, కిందనున్న ఎఫ్ షార్ప్‌తో పడదు. సినిమా పాటల్లోనూ, జాజ్ వంటి సంగీతంలోనూ కావాలనే అలాంటి ఒరిపిడి పెడతారు, అది వేరే రుచి. జనం పాడవలసిన పాటలో అది దారి తప్పిస్తుంది.

మరి ఐదు స్వరాలలోనే ఉంటూ కార్డులకు సరిపోవడం సాధ్యమా? సాధ్యమే. 'అమేజింగ్ గ్రేస్' వరస అందుకు మంచి సాక్ష్యం. ఆంగ్లికన్ బోధకుడు జాన్ న్యూటన్ రాసిన ఈ గీతం 1779లో అచ్చయింది. ఇప్పుడు లోకమంతా పాడే వరసకు ఆ మాటలు జతపడింది 1835లో, అమెరికాలో విలియం వాకర్ కూర్చిన 'సదరన్ హార్మొనీ' అనే పుస్తకంలో. వరస మొత్తం పెంటటోనిక్. జి శ్రుతిలో పాడితే ఒక్కచోట కూడా సి గాని ఎఫ్ షార్ప్ గాని రావు. అయినా జి, సి, డి కార్డులు మూడూ హాయిగా ఒదుగుతాయి. ఎలాగంటే, మొదటి పాదంలో సి కార్డు వచ్చే చోట పాట జి, ఇ స్వరాల మీద ఉంటుంది. ఆ రెండూ సి కార్డులోనివే. రెండవ పాదం చివర డి కార్డు వచ్చినప్పుడు పాట పై డి మీద నిలుస్తుంది. ఆఖరున మళ్ళీ డి కార్డు వచ్చినప్పుడు ఎ మీదుగా దిగి జి కి చేరుతుంది. ఎవరో జానపదులు కట్టిన వరస, సిద్ధాంతం చదివి కట్టారని అనుకోలేం. చెవి చెప్పింది, గొంతు విన్నది. గిటారు మీద ఈ వరసను ఒక్కొక్క స్వరంగా వాయించి, కింద తోడుగా ఎవరినైనా కార్డులు వేయమనండి. ఒక గంటలో తెలిసేది చాలా ఉంది.

కార్డును స్కేలు మీద పరచి చూడండి

ఇక చేతికి పని. సన్న తీగను ఒకటవ తీగ అని, లావు తీగను ఆరవ తీగ అని లెక్కపెట్టండి. మెడ మొదట్లోనే, మూడు ఫ్రెట్లు దాటకుండా, జి పెంటటోనిక్ మొత్తం దొరుకుతుంది. ఆరవ తీగ ఖాళీగా, తరువాత మూడవ ఫ్రెట్. ఐదవ తీగ ఖాళీగా, రెండవ ఫ్రెట్. నాలుగవ తీగ ఖాళీగా, రెండవ ఫ్రెట్. మూడవ తీగ కూడా అంతే, ఖాళీ, రెండు. రెండవ తీగ ఖాళీగా, మూడవ ఫ్రెట్. ఒకటవ తీగ ఖాళీగా, మూడవ ఫ్రెట్. తీగకు రెండేసి, మొత్తం పన్నెండు చోట్లు. ఆరు ఖాళీ తీగలూ ఈ స్కేలులోనివే కావడం జి శ్రుతికి ఉన్న వరం.

ఈ పన్నెండు చోట్లనూ కాగితం మీద చుక్కలుగా వేసుకోండి. ఇప్పుడు జి కార్డు పట్టండి. ఆరవ తీగ మూడు, ఐదవ తీగ రెండు, మధ్య మూడూ ఖాళీ, ఒకటవ తీగ మూడు. ఆరు వేళ్ళ చోట్లూ ఆ పన్నెండు చుక్కల్లోనివే! ఇ మైనర్ పట్టండి. అదీ అంతే, ఒక్కటి కూడా బయట పడదు. సి కార్డు పట్టినప్పుడు రెండు వేళ్ళు చుక్కలు దాటి బయట పడతాయి. ఐదవ తీగ మూడవ ఫ్రెట్, రెండవ తీగ ఒకటవ ఫ్రెట్. రెండూ సి స్వరాలే. డి కార్డులో ఒక్క వేలే బయట పడుతుంది, ఒకటవ తీగ రెండవ ఫ్రెట్, అదే ఎఫ్ షార్ప్. ఇందాక అక్షరాల్లో చెప్పుకున్నది ఇప్పుడు వేళ్ళ కింద కనబడుతోంది. కార్డు ఒక చోట, స్కేలు మరొక చోట అని విడివిడిగా నేర్చుకున్నవారికి, రెండూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయని ఇక్కడ తెలుస్తుంది.

అసలు కిటుకు ఇది. సి కార్డుకు దాని సొంత పెంటటోనిక్ ఉంది: సి, డి, ఇ, జి, ఎ. దీన్ని జి పెంటటోనిక్‌తో పోల్చండి. నాలుగు స్వరాలు ఉమ్మడివే. బి పోయి సి వచ్చింది, అంతే. డి కార్డు పెంటటోనిక్: డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి. ఇక్కడా నాలుగు ఉమ్మడివే. జి పోయి ఎఫ్ షార్ప్ వచ్చింది. కార్డు మారినప్పుడల్లా కొత్త స్కేలు కోసం మెడంతా వెతుక్కోనక్కర లేదు. ఒక్క స్వరం ఒక్క ఫ్రెట్ జరిగితే చాలు. మన భాషలో చెప్పాలంటే, నాలుగవ కార్డుకు వెళ్ళేటప్పుడు గ ఒక ఫ్రెట్ పైకి జరిగి మ అవుతుంది. ఐదవ కార్డుకు వెళ్ళేటప్పుడు స ఒక ఫ్రెట్ కిందికి జరిగి ని అవుతుంది. సరిగమలు వచ్చిన పిల్లలకు ఈ రెండు వాక్యాలు చెబితే మిగిలింది వాళ్ళే చేసుకుంటారు.

చేతి మీద చూస్తే, సి కార్డు వచ్చినప్పుడు ఐదవ తీగలో రెండవ ఫ్రెట్ బదులు మూడు, రెండవ తీగలో ఖాళీ బదులు ఒకటి. డి కార్డు వచ్చినప్పుడు ఆరవ తీగలోనూ ఒకటవ తీగలోనూ మూడు బదులు రెండు. మూడవ తీగ ఖాళీగా జి మోగుతుంది కాబట్టి దాన్ని వదిలి, నాలుగవ తీగ నాలుగవ ఫ్రెట్ మీద ఎఫ్ షార్ప్ తీసుకోవాలి. ఈ ఒక్కటీ కాస్త తికమక పెడుతుంది, అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడొక చిన్న సాధన. మూడు దెబ్బల నడకలో, ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క ఆవర్తం. జి కార్డు మీద జి, ఎ, బి వాయించండి: మూడవ తీగ ఖాళీ, మూడవ తీగ రెండు, రెండవ తీగ ఖాళీ. సి కార్డు మీద సి, ఎ, జి: రెండవ తీగ ఒకటి, మూడవ తీగ రెండు, మూడవ తీగ ఖాళీ. డి కార్డు మీద ఎఫ్ షార్ప్, ఎ, మళ్ళీ ఎఫ్ షార్ప్: నాలుగవ తీగ నాలుగు, మూడవ తీగ రెండు, నాలుగవ తీగ నాలుగు. చివర జి కార్డు మీద ఖాళీ మూడవ తీగ వద్ద ఆగండి. మొత్తం పది స్వరాలు. కింద ఎవరూ కార్డులు వాయించకపోయినా, ఈ పది స్వరాలు వింటుంటే కార్డులు మారుతున్నట్టే వినబడుతుంది. బి నుంచి సి కి ఎక్కడం, జి నుంచి ఎఫ్ షార్ప్‌కు దిగడం, తిరిగి ఎఫ్ షార్ప్ జి లోకి ఒదగడం, ఈ మూడు అర మెట్లే ఆ పని చేస్తున్నాయి. చరణం ఎత్తుకోవలసినవారికి జి ఎక్కడుందో చెప్పకనే చెప్పినట్టవుతుంది.

దీనిలో గమనించవలసింది ఇంకొకటుంది. ప్రతి ఆవర్తం మొదటి దెబ్బ మీద ఆ కార్డులోని స్వరమే పడింది. మధ్యలో ఏమి తిరిగినా ఫరవాలేదు. కార్డు మారే క్షణంలో ఎక్కడ కాలు పెడుతున్నామన్నదే లెక్క. కొందరు పిల్లలు వేగం మీద మోజుతో ఆవర్తానికి ఎనిమిదేసి స్వరాలు కుక్కుతారు. రెండు నెలలు ఆవర్తానికి మూడే స్వరాలు అని నియమం పెడితే వాళ్ళే బాగుపడతారు. ఇంట్లో తోడు లేనివారు ఫోనులో నాలుగు కార్డులను నిదానంగా పది నిమిషాలు వాయించి రికార్డు చేసుకుని, దాని మీద సాధన చేసుకోవచ్చు. దానికి ఏ యాప్ అక్కర లేదు.

మైనర్ పాటల సంగతి

అవే ఐదు స్వరాలను ఇ నుంచి మొదలుపెడితే ఇ మైనర్ పెంటటోనిక్ అవుతుంది. మోహనంలోని దైవతాన్ని షడ్జంగా మార్చితే శుద్ధ ధన్యాసి వస్తుందని మన సంగీతం నేర్చినవారికి తెలుసు, దాన్నే గ్రహభేదం అంటారు. వేళ్ళ చోట్లు మారవు, ఇల్లు మాత్రం జి కాకుండా ఇ అవుతుంది. తపస్సు కాలపు పాటలు చాలా వరకు మైనర్‌లో వస్తాయి కనుక ఇది అవసరమే. ఇక్కడ ప్రమాదమంతా బి సెవెన్ కార్డు దగ్గర ఉంది. అందులో డి షార్ప్ ఉంటుంది, మన ఐదింటిలో డి ఉంటుంది. రెండూ ఒకేసారి మోగితే చెవి తట్టుకోలేదు. బి సెవెన్ మోగుతున్నంతసేపు డి ని ముట్టకుండా బి, ఎ స్వరాల మీదే ఉండండి. ధైర్యం వచ్చాక నాలుగవ తీగ ఒకటవ ఫ్రెట్ మీద డి షార్ప్ పట్టి, ఇ లోకి ఎక్కండి.

అన్ని ఐదు స్వరాల పాటలకూ కార్డులు వేసి తీరాలన్న పట్టుదల మాత్రం వద్దు. అవే స్వరాలను బి నుంచి మొదలుపెడితే హిందోళమవుతుంది. హిందోళంలో పంచమం లేదు. బి మైనర్ కార్డులో పంచమమైన ఎఫ్ షార్ప్ ఉంది. అది వేయగానే రాగం చెడుతుంది. జి గాని, ఇ మైనర్ గాని వేస్తే అపశ్రుతి ఉండదు, కానీ పాట మొగ్గు వేరే వైపు వాలిపోతుంది. ఇలాంటి పాటకు గిటారు మీద షడ్జమం, మధ్యమం మాత్రం తంబూరాలా మెల్లగా మీటుతూ ఉండడమే మేలు. మన పాత రాగాల గీతాలకు మూడు కార్డుల చొక్కా తొడిగి బిగించేస్తున్నవారు ఈ విషయం కాస్త ఆలోచించాలి.

శ్రుతి విషయానికొస్తే, బృందానికి జి చాలకపోతే కేపో వాడండి. రెండవ ఫ్రెట్ మీద కేపో పెడితే శ్రుతి ఎ అవుతుంది, వేళ్ళ ఆకారాలన్నీ అలాగే ఉంటాయి, ఫ్రెట్ల లెక్క కేపో నుంచి మొదలవుతుంది. బారె కార్డు వచ్చినవారు మూడవ ఫ్రెట్ మీద జి బారె పట్టి, రెండు నుంచి ఐదవ ఫ్రెట్ లోపల అవే ఐదు స్వరాలు వెతుక్కోండి. ఆ కార్డులోని ఆరు చోట్లూ అందులో ఉంటాయి. ఈ ఆకారాన్ని ఎక్కడికి జరిపితే అక్కడి శ్రుతి వస్తుంది.

బిట్టు ఎక్కడ వాయించాలి అన్నదాని కంటే ఎక్కడ వాయించకూడదు అన్నది ముందు తెలియాలి. గురువు ప్రార్థనలు చెబుతుండగా వెనుక తీగలు మీటడం కొన్ని చోట్ల అలవాటైపోయింది. పూజా గ్రంథపు సాధారణ సూచనలు అప్పుడు వాద్యాలు మౌనంగా ఉండాలనే చెబుతున్నాయి. తపస్సు కాలంలో వాద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే, విడి వాద్యసంగీతం లేదు. నాలుగవ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు ఇందుకు మినహాయింపు. ఆగమన కాలంలో వాద్యం మితంగా ఉండాలి. కాబట్టి తపస్సు కాలం నలభై రోజులూ బిట్లు పక్కనపెట్టి, కార్డు స్వరాలను ఒక్కొక్కటిగా మీటుతూ పాటకు తోడివ్వండి. ఏ కార్డులో ఏ స్వరాలున్నాయో చేతికి అలవడడానికి అంతకంటే మంచి సాధన దొరకదు. కానుకల సమర్పణ పాటకూ, దివ్యసత్ప్రసాదం స్వీకరించే వేళ పాటకూ చరణాల మధ్య సాధారణ ఆదివారాల్లో చోటు ఉంటుంది. అక్కడ నాలుగు ఆవర్తాలు చాలు.

వచ్చే శనివారం పాటల సాధనకు ముందు ఇదే పనిని డి శ్రుతిలో మీరే చేసి చూడండి. కార్డులు డి, జి, ఎ. గ పైకి, స కిందికి అన్న సూత్రం గుర్తుంచుకుని కాగితం మీద రాసుకున్నాక సరిచూసుకోండి: డి పెంటటోనిక్‌లో డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి ఉంటాయి. జి కార్డుకు ఎఫ్ షార్ప్ జరిగి జి అవుతుంది. ఎ కార్డుకు డి దిగి సి షార్ప్ అవుతుంది, అది రెండవ తీగ రెండవ ఫ్రెట్ మీద దొరుకుతుంది.